నేను ఉతికిన ఎనభై ఎనిమిది గుళ్లు

గుడికెళ్లి చెప్పులు పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు, ప్రసాదం కింద పడేసుకున్నవాళ్లు ఉంటారు. ఎనభై ఎనిమిది గుళ్ల పుణ్యాన్ని ఒక్క బకెట్టులో ముంచి, ఒక్క పూటలో ఉతికి ఆరేసినవాడు మాత్రం నాకు తెలిసి నేనొక్కడినే. పైగా గంజి కూడా పెట్టాను. వినండి.

తొంభైల మొదట్లో ఒమన్‌లో, అల్ అమెరాత్ దగ్గర మా కంపెనీ క్యాంపు. మట్టి పనికని వెళ్లాను. నడుము పట్టేసిందని ఇంజనీర్ల బట్టలు ఉతికే డ్యూటీలో వేశారు. చదివింది మూడో తరగతే అయినా మరకల విషయంలో నేను పెద్ద డాక్టర్ని. ఏ మరకైనా నన్ను చూస్తే తనంతట తానే దిగి వెళ్లిపోతుందని రూములో చెప్పుకునేవాణ్ణి. మా వంటమనిషి మల్లన్న మాత్రం, "జర నీ నోటికి గూడ సబ్బు పెట్టు తమ్మీ" అనేవాడు.

ఆ క్యాంపులోనే తనాకా సారని ఒక జపాన్ ఇంజనీరు. ఉతికిన బట్టలు చేతికిస్తే నాకే వంగి దండం పెట్టేవాడు. నేనూ వంగేవాణ్ణి. మళ్లీ ఆయన వంగేవాడు. నాలుగు చొక్కాలు ఇచ్చి వచ్చేసరికి నా నడుము మళ్లీ పట్టేసేది.

ఒకసారి సారు సెలవు మీద తన దేశం వెళ్లి వచ్చాడు. ఆయన సైటుకు పోయాక బట్టల కోసం గదిలోకి వెళ్తే, గోడకు ఒక తెల్ల చొక్కా వేలాడుతోంది. వీపున నల్లటి రాతలు, మిగతా ఒళ్లంతా ఎర్రెర్రటి మచ్చలు. హోలీ ఆడొచ్చి తగిలించినట్టుంది. అది మాసిన బట్టల బుట్టలో లేదు. నాకు బుద్ధి ఉండాల్సింది అక్కడే. "పాపం, ఎవరూ ఉతకలేకపోతే గోడకు తగిలించుకున్నాడు. ఇవాళ నా పనితనం చూపిస్తా" అనుకున్నాను.

సబ్బు పెట్టాను, కదల్లేదు. వేడినీళ్లు పోశాను, నవ్వింది. కిరసనాయిలు, ఆపైన బ్లీచింగు పట్టించాను. మూడు గంటల యుద్ధం తర్వాత ఎరుపు ఓడిపోయింది కానీ పారిపోలేదు, చొక్కా అంతటా పరుచుకుని కూర్చుంది. చొక్కా కాస్తా గులాబీ రంగుకు తిరిగింది. "ఈ రంగూ బాగానే ఉందిలే" అనుకుని, మల్లన్న వార్చిన గంజి అడిగి తెచ్చి పెట్టి, ఇస్త్రీ చేసి మంచం మీద ఉంచాను.

సారు వచ్చాడు. చూశాడు. వంగలేదు. అలాగే కుర్చీలో కూలబడ్డాడు.

"మూడు గంటలు పట్టింది సాబ్!" అన్నాను నాకొచ్చిన హిందీలో, గర్వంగా.

చాయ్ తెచ్చిన మల్లన్న ఆ చొక్కా చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏం జేసినవ్‌ రా?"

"మరకలు తీసిన అన్నా."

"అవి మరకలా! గుళ్ల ముద్రలురా! ఆళ్ల దేశంల బుద్ధుని గుళ్లు ఎనభై ఎనిమిది ఉంటయట. గుడిగుడికీ నడుసుకుంట పోయి ముద్ర ఏపిచ్చుకోవాలె. ఆరు సెలవులు ఇంటికాడ కూసోకుండ తిరిగిండు సారు. మొన్ననే ఆఖరి గుడి అయింది. ఫోటోలు సూపెట్టి నాకు జెప్పిండు."

"మరి తొడుక్కునే బట్టనే గదా? ఉతికితే ఏమైతదే?"

"తొడుక్కునేది సచ్చినంకరా! గదేసుకొని మీదికి పోతరు. అందుకే నీళ్లు తగలనియ్యరు." అని దగ్గరికొచ్చి చొక్కా ముట్టుకున్నాడు. "అయ్యో, నా గంజే పెట్టినవారా!"

ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. తెల్లారేసరికి మాత్రం గొప్ప ఉపాయం తట్టింది. పోయినవి ముద్రలే కదా, ముద్రలే కొడదాం! స్టోరులో సరుకు దిగినప్పుడు కాగితాల మీద కొట్టే ఎర్రముద్ర ఒకటుంది. దాన్ని తెచ్చి, సారు స్నానానికి వెళ్లగానే చొక్కా పరిచి మొదటిది కొట్టాను. ఎంత చక్కగా పడిందో! రెండోది ఎత్తేసరికి వెనక నుంచి మల్లన్న గావుకేక. ఆ కేకకు సారు తువ్వాలుతోనే పరుగెత్తుకొచ్చాడు.

ఆయన కాళ్ల మీద పడ్డాను. "మాఫ్ కరో సాబ్! ఇంకా ఎనభై ఏడే ఉన్నాయి, సాయంత్రానికి కొట్టేస్తా!"

సారు ఆ ముద్ర పైకే చదివాడు. "సరుకు అందింది, అల్ అమెరాత్ స్టోరు" అని ఉందట. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని నేనూ ఏడుపు అందుకున్నాను. తల ఎత్తి చూస్తే, ఆయన పడీ పడీ నవ్వుతున్నాడు.

"మీదున్న దేవుడు గిది సూసి, సారును సిమెంటు బస్తాల పక్కన నిలవెడితే ఏం జేస్తవ్‌ రా?" అన్నాడు మల్లన్న.

నవ్వు ఆగాక సారు కళ్లు తుడుచుకుని, "మళ్లీ నడుస్తాను" అన్నాడు. అంతే.

తర్వాతి సెలవుకు ఆ గులాబీ చొక్కానే పట్టుకెళ్లాడు. తిరిగొచ్చి ఒక ఫోటో చూపించాడు. మొదటి గుడిలో సారు చొక్కా పరిచి నిలబడ్డాడు, పూజారి నా ముద్ర మీద వేలు పెట్టి ఏదో అడుగుతున్నాడు. ఇది ఏ గుడిదని అడిగాడట.

"ఎనభై తొమ్మిదోది. ఒమన్‌లో ఉంది. అక్కడి పూజారికి నిష్ఠ ఎక్కువ, మూడు గంటలు అభిషేకం చేస్తాడు" అన్నాడట సారు.

ఆ రోజే ఇస్త్రీపెట్టె సాక్షిగా ఒట్టేసుకున్నాను, బుట్టలో లేని బట్ట జోలికి ఈ జన్మలో పోనని. ఇంటికి వచ్చేసి ఇన్నేళ్లయినా ఆ ఒట్టు తప్పలేదు. బుట్టలో ఉన్నవి కూడా ముట్టుకోవడం లేదని మా ఆవిడ సణుగుతుంది. ఏం చేయను, పూజారిని కదా, నిష్ఠ కొంచెం ఎక్కువ.