ఏసమ్మ చేతికి కాలదు

ఆ ఊళ్లో ఈ మాట సామెతలా తిరిగేది. ఎవరి వేలికైనా వేడి తగిలి చెయ్యి విదిలిస్తే, పక్కనున్నవాళ్లు "నువ్వేమన్న బడి ఏసమ్మవా, కాలకుంట ఉండనీకి" అని నవ్వేవాళ్లు. పెబ్బేరు నుంచి శ్రీరంగాపూర్ పోయే దారికి కాస్త లోపలగా ఉంటుందా ఊరు. అక్కడి ప్రాథమిక బడిలో పదమూడేళ్లుగా మధ్యాహ్నం వంట ఏసమ్మదే. అరవై మంది పిల్లలకు అన్నం ఉడికాక, తోడు వంటమనిషి వసంత మసిగుడ్డల కోసం వెతుక్కుంటుంటే, ఏసమ్మ ఎడమచేతి అంచును బగోనకు ఆనించి వంచి గంజి వార్చేసేది. పిల్లలు చూడ్డానికి గుమిగూడేవాళ్లు. "అవ్వా, మల్లొకసారి" అని అడిగేవాళ్లు కూడా.

కాలకపోవడమేమిటి, ఆమె చెయ్యి ఇనుమా? కాలేది. కాలినట్టు ఆమెకు తెలిసేది కాదు, అంతే. ఎడమచేతి చివరి రెండు వేళ్లూ, వాటి కిందున్న అరచేతి అంచూ ఇరవై తొమ్మిదేళ్ల కిందటే మొద్దుబారిపోయాయి. సాయంత్రం ఇంటికొచ్చి, స్నానాలగది తలుపు వేసుకుని, బొబ్బలు లేచాయేమోనని వెతుక్కుని కొబ్బరినూనె రాసుకునేది. అంత తెలిసినది మసిగుడ్డ పట్టుకోవచ్చుగా అంటారేమో. మొదట్లో ఒకసారి ఏమరుపాటున ఒట్టి చేత్తో పట్టుకుంది, చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆ పేరు వెనకాల దాక్కోవడం ఆమెకు సులువనిపించింది. కాలని చెయ్యి అంటే గొప్ప. వేడి తెలియని చెయ్యి అంటే ఎందుకు తెలియదని అడుగుతారు.

అలా అడిగితే ఏమవుతుందో ఆమెకు చిన్నప్పుడే తెలుసు. ఏసమ్మ పుట్టిల్లు ఉప్పునుంతల దిక్కు. తండ్రికి పెద్దరోగం వచ్చింది. కుష్టు అనే మాట ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు. ఊరవతల కంపచెట్ల పక్కన గుడిసె వేసి ఆయన్ను అక్కడ ఉంచారు. ఎనిమిదేళ్ల ఏసమ్మ రోజూ జొన్నరొట్టె తీసుకెళ్లి బండ మీద పెట్టి, పది అడుగులు వెనక్కి వచ్చి "నాయినా" అని పిలిచేది. అప్పుడు ఆయన వచ్చి తీసుకునేవాడు. నాలుగేళ్లు అలా గడిచాక ఒకరోజు పిలిస్తే రాలేదు. ఆమె పెళ్లి మాటల్లో, తండ్రి పాము కరిచి పోయాడని చెప్పారు.

ఇరవై ఎనిమిదో ఏట ఆమె మోచేతి దగ్గర రాగిరంగు మచ్చ లేచింది. గిల్లితే తెలియలేదు. ఏడాది పాటు పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకుని తిరిగింది. వేళ్లు మొద్దుబారాక గాని సిగ్గు కంటే భయం ఎక్కువ కాలేదు. గద్వాల దిక్కు పత్తి విత్తనాల చేన్లలో పూలు గిల్లే పనికి పోతున్నానని భర్త ఇస్రాయేలుకు చెప్పి, కృష్ణ దాటి, తనను ఎవరూ ఎరగని దవాఖానలో చూపించుకుంది. అక్కడి డాక్టరు మొదట అడిగింది ఒక్కటే. "మీ ఇంట్ల ఇంతకుముందు ఎవరికన్న ఉండెనా?"

లేదంది ఏసమ్మ. ఆరు నెలలు మాత్రలు మింగింది. పనిలో పనిగా పూలూ గిల్లి కూలి తెచ్చింది. రోగం పోయింది గాని చేతికి స్పర్శ మళ్లీ రాలేదు. ఆ రోజు ఆడిన అబద్ధానికే దేవుడు చెయ్యి తిరిగి ఇవ్వలేదని ఆమె నమ్మకం. చర్చిలో కుష్ఠురోగుల సంగతి చదివే ఆదివారాల్లో ఎడమచెయ్యి కొంగు కింద పెట్టుకుని కూర్చునేది. ఇస్రాయేలు ఏ సంగతీ తెలియకుండానే ఏడేళ్ల కింద పక్షవాతంతో పోయాడు.

ఇన్నేళ్లు దాగినది చివరికి ఒక పసిపిల్ల చెంప మీది మచ్చతో బయటపడింది.

ఏసమ్మ కొడుకు జయపాల్ సెంట్రింగ్ పనికి పోతాడు. కోడలు అర్చన ఇంట్లోనే మిషను మీద బట్టలు కుడుతుంది. వాళ్ల బిడ్డ రోజాకు ఆరేళ్లు, ఒకటో తరగతి. బడిలో అవ్వ వండిన అన్నం తింటుంది, ఇంట్లో అవ్వ పక్కలో పడుకుంటుంది. పోయిన ఎండాకాలం పిల్ల రెండు చెంపల మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చలు, భుజం మీద ఇంకొకటి వచ్చాయి. పొడిగా, పొట్టు రాలుతున్నట్టు ఉండేవి. వాడకట్టులో తలా ఒక మాట చెప్పారు. ఒకామె కడుపులో పురుగులంది. ఇంకొకామె బెల్లం మాన్పించమంది. "బల్లి ఉచ్చ వోసింటది" అంది వసంత, తనకు తప్ప లోకంలో ఎవరికీ తెలియనట్టు. జయపాల్ పురుగుల మందు తెచ్చి తాగించాడు. అర్చన మందుల షాపు నుంచి ట్యూబు తెచ్చి రాసింది. వాళ్లెవరికీ గుబులు లేదు. ఏసమ్మకు మాత్రం ఆ మచ్చలు చూసిన రోజు నుంచి ముద్ద గొంతు దిగలేదు.

బళ్లు తెరిచాక ఒక సాయంత్రం రోజాను అరుగు మీద కూర్చోబెట్టుకుని చీపురు నుంచి పుల్ల ఒకటి లాగింది.

"ఆట ఆడుదం బిడ్డా. కండ్లు మూస్కో. నేను పుల్లతోని ముడ్త. యాడ ముట్టిన్నో చెప్పు."

మెడ మీద ముట్టగానే పిల్ల కిలకిలా నవ్వి మెలికలు తిరిగిపోయింది. ఏసమ్మకు నవ్వులాటగా లేదు.

"నవ్వితే ఆట లేదు పో" అని కసిరింది.

రోజా సర్దుకుని మళ్లీ కళ్లు మూసుకుంది. మోచెయ్యి ముడితే చెప్పింది. మోకాలు ముడితే చెప్పింది. అప్పుడు ఏసమ్మ చెంప మీది మచ్చను పుల్ల కొసతో మెల్లగా రాసింది. పిల్ల పెదవులు బిగబట్టి కూర్చుంది. మళ్లీ రాసింది. ఉలుకూ పలుకూ లేదు.

"ఇప్పుడు యాడనే?"

రోజా నోరు తెరవకుండా తల అడ్డంగా ఊపింది.

ఏసమ్మ ఆ పుల్లను గూట్లో దాచింది. నాలుగు రోజులు వరుసగా అదే ఆట ఆడించింది. నాలుగు రోజులూ అదే తంతు. తండ్రి నుంచి తనకు వచ్చింది, తన నుంచి కొడుకును దాటి పిల్లకు వచ్చింది అనుకుంది. పక్కలో పడుకోబెట్టుకున్నది తనేనాయె, ముద్దలు కలిపి తినిపించిందీ తనేనాయె. తను ఏడాది దాచుకున్నందుకు చెయ్యి పోయింది. ఇప్పుడు పలక పట్టే ఆ బుజ్జి చేతులు కూడా అలాగే పోతాయి, తను నోరు మూసుకుంటే.

"పిల్లను దవాఖానకు తీస్కపోదం కొడకా" అంది జయపాల్‌తో.

"గింత మచ్చలకు దవాఖాననా అమ్మా? స్లాబ్ పని నడుస్తుంది. అయితారం చూద్దం."

ఆదివారం వచ్చింది, పోయింది. సోమవారం ఆశా కార్యకర్త విజయమ్మ ఇంటింటి సర్వేకు కాగితాలు పట్టుకుని వచ్చింది. రోజా లోపల టీవీ చూస్తోంది.

"ఏసక్కా, మీ ఇంట్ల ఎవరికన్న మచ్చలున్నయా? ముడితే తెల్వనియి?"

"ఎవరికి లేవమ్మా" అంది ఏసమ్మ.

విజయమ్మ తలుపు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి పక్కింటికి పోయింది. ఏసమ్మ ఆ గుర్తు వైపు చూసింది. అదే ప్రశ్న, అదే అబద్ధం. మొదటిసారి తన చెయ్యి పోయింది. రెండోసారి ఎవరిది పోతుందో ఆమెకు తెలుసు.

ఆ పూట అన్నాల దగ్గర, రోజా ఒళ్లో ఉండగానే చెప్పేసింది. తండ్రి గుడిసె సంగతి, గద్వాల మాత్రల సంగతి, పుల్ల ఆట సంగతి అన్నీ చెప్పింది. జయపాల్ మొదట నమ్మలేదు.

"ఏం మాట్లాడుతున్నవమ్మా? నీ చేతికి ఏం రోగముంది, ఊరంత మెచ్చుకునే చెయ్యి."

ఏసమ్మ అర్చన మిషను దగ్గర్నుంచి సూది తీసుకుని తన చిటికెనవేలిలో గుచ్చుకుంది. రక్తం బొట్టు వచ్చింది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. అర్చన మెల్లగా లేచి, రోజాను అత్త ఒళ్లోంచి తీసుకుని అవతల కూర్చుంది.

"నాయినకు తెల్సా?" అన్నాడు జయపాల్.

"తెల్వదు."

అతను సగం తిన్న కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు నలుగురూ వనపర్తి పెద్ద దవాఖానకు పోయారు. చర్మం డాక్టరు చిన్న వయసు ఆడమనిషి. ఏసమ్మ కుర్చీలో కూర్చోకుండా నిలబడే అన్నీ చెప్పింది. ఈసారి ఏదీ దాచలేదు. డాక్టరు దూదిని పురి తిప్పి, రోజాను కళ్లు మూసుకోమంది. చెంప మీది మచ్చకు దూది తగిలింది. పిల్ల పెదవులు బిగబట్టింది. అర్చన ఏడవడం మొదలుపెట్టింది.

డాక్టరు పిల్ల భుజాల వైపు చూసింది. అవి సన్నగా అదురుతున్నాయి.

"ఎందుకు చెప్తలేవమ్మా? తెలుస్తలేదా?"

"తెలుస్తుంది. నోరు తెరిస్తే నవ్వొస్తది. నవ్వితే ఆట లేదంట. అవ్వ చెప్పింది."

"ఇక్కడ నవ్వొచ్చు."

దూది మళ్లీ తగలగానే రోజా "చెంప" అంటూ పకపకా నవ్వింది. భుజం మీది మచ్చ కూడా చెప్పింది. ఏసమ్మ అప్పుడు కుర్చీలో కూర్చుంది.

"ఇది కుష్టు కాదు. చర్మం పొడిబారిన చోట రంగు తగ్గి, ఎండకు ఇంకా తెల్లగ కనపడుతది. పిల్లల్లో మస్తు మందికి ఉంటది, దానంతట అదే పోతది" అంది డాక్టరు. "మీ ఇద్దరిలో ఎవరికన్న ఆయాసం, దురద లాంటివి ఉన్నాయా?"

జయపాల్‌కు చిన్నప్పుడు చలికాలమంతా ఆయాసమే. అర్చన చేతులు సబ్బుపొడి తగిలితే పగుళ్లు బారతాయి. అలాంటి ఇళ్లలో పిల్లల చర్మం ఇట్లా ఉండడం మామూలేనని డాక్టరు చెప్పింది. మొగుడూ పెళ్లామూ ఒకరినొకరు చూసుకుని, నువ్వంటే నువ్వని నవ్వుకున్నారు. పిల్లకు వచ్చింది వాళ్లిద్దరి నుంచే కావచ్చట. ఆ ఆయాసానికి, ఆ పగుళ్లకు ఆ ఇంట్లో ఎవరూ వేరే కంచం పెట్టలేదు సుమా, ఆ రోజూ పెట్టలేదు, తర్వాతా పెట్టలేదు.

డాక్టరు ఏసమ్మ చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. ఇన్నేళ్లలో ఆ చేతిని తెలిసి పట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే.

"పెద్దమ్మకు ఎప్పుడో నయమైపోయింది. ఈమె నుంచి ఎవరికీ ఏమీ రాదు" అని జయపాల్‌కు రెండుసార్లు చెప్పింది. అతను రెండుసార్లూ తల ఊపాడు.

తిరుగు బస్సులో అర్చన రోజాను అవతలి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. ఏసమ్మ అది గమనించినా పట్టించుకోలేదు. పిల్ల చేతులు బాగున్నాయి, అది చాలనుకుంది. ఆ గంటసేపు ఆమె సంతోషంగా ఉంది.

అర్చనను రాక్షసి అనుకోకండి. నాగర్‌కర్నూలులో ఉన్న తల్లికి ఫోన్ చేసి ఏడ్చింది, తల్లి చెప్పినట్టు చేసింది. అత్తకు కొత్త స్టీలు కంచం, గ్లాసు కొన్నది. "పాతవి సొట్టలు వోయినయ్ అత్తమ్మా" అంది, కళ్లలోకి చూడకుండా. పిల్ల పడక లోపలి గదిలోకి మారింది. ఏసమ్మ మంచం అరుగు మీదికి వచ్చింది, గాలి బాగా వస్తుందని. ఊళ్లో ఎవరు చెప్పారో తెలియదు గాని, గోడకు గోడ ఆనుకున్న వాడలో మాట ఆగుతుందా? వారం తిరక్కుండా బడికి ముప్పై మంది పిల్లలు ఇంటి నుంచి టిఫిన్ డబ్బాలు తెచ్చుకున్నారు. మర్నాడు యాభై మంది తెచ్చుకున్నారు. హెడ్మాస్టరు శ్రవణ్ కుమార్ మంచివాడు, అందరి ముందూ ఆమె వడ్డించిన అన్నం తిన్నాడు. అయినా డబ్బాలు తగ్గలేదు. చివరికి ఆయనే ఆమెను పక్కకు పిలిచి, "కొన్ని దినాలు ఇంటిపట్టున ఉండు ఏసమ్మా. జనం మరిచిపోయినంక చూద్దం" అన్నాడు. కాలని చెయ్యి అని మురిసిపోయిన ఊరు అదే నోటితో ఇప్పుడు వేరే మాట అంటోంది. ఆ మాట మళ్లీ ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు.

వానలు పడ్డాయి. రోజా చెంపల మీది మచ్చలు వచ్చినట్టే పోయాయి. రోజూ పొద్దున అర్చన అన్నం కంచం అరుగు అంచున పెట్టి, గడప దాకా వెనక్కి పోయి, "అత్తమ్మా" అని పిలుస్తుంది. మొదటిరోజు ఏసమ్మ ఆ అడుగులు లెక్కపెట్టింది. పది లేవు, నాలుగే. కాలం ఆ మాత్రం మారినట్టుందని తనకు తనే చెప్పుకుంది.

ఒక సెలవురోజు అర్చన లోపల మిషను తొక్కుతుంటే రోజా అరుగు మెట్ల కిందికి వచ్చి నిలబడింది. చేతిలో చీపురుపుల్ల ఉంది, చీపురంతా వెతికి తెచ్చిన పొడుగాటి పుల్ల.

"ఆట ఆడుదమా అవ్వా? అమ్మ నిన్ను ముట్టొద్దంది. పుల్లతోని ముట్టొచ్చు గద."

ఏసమ్మ అరుగు అంచుకు జరిగింది. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"నవ్వితే ఆట లేదు" అని గుర్తుచేసింది పిల్ల.

ఏసమ్మ ఎదురుచూసింది. లోపల మిషను ఆగకుండా కొట్టుకుంటోంది. ఎవరిదో మేక అరిచింది.

"చెప్పు, యాడ?"

"ఇంక నువ్వు ముట్టనే లేదు గద బిడ్డా."

"ముట్టిన. నీ చిటికెనవేలు మూడుసార్లు ముట్టిన." రోజా ముఖం వెలిగిపోయింది. "నువ్వు జరంత గూడ నవ్వలే. నువ్వే గెల్చినవ్ అవ్వా."

లోపల మిషను ఆగింది. "రోజా" అని అర్చన పిలిచింది. పిల్ల పుల్లను మెట్ల మీద పడేసి, సబ్బుతో చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది.