పక్కింటాయన బండి మీద నాలుగు కోళ్లు

నేను పాఠాలు చెప్పే యూనివర్సిటీ క్యాంపస్ స్టాఫ్ క్వార్టర్స్‌లో మాకు దొరికిన కింది ఇంటికి వెనక కాస్త పెరడు ఉంది. మా ఆయన హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తాడు. అక్కడ ఒకాయన ఊరు మారుతూ తన నాలుగు కోడిపెట్టల్నీ మాకిచ్చేశాడు. నేను సరేనన్నాను. చిన్నప్పుడు అమ్మమ్మ సాయంత్రం కాగానే కోళ్లను గంప కింద కమ్మేయడం రోజూ చూసినదాన్ని, ఆ మాత్రం నాకు చేతకాదా అని ధీమా.

మా ఆయన గంపకు ఒప్పుకోలేదు. గ్రాఫ్ కాగితం మీద బొమ్మ గీసి, మల్కాజ్‌గిరిలో వడ్రంగి చేత గూడు చేయించాడు. మూడు వైపులా చెక్క, ముందు ఇనుప జాలీ తలుపు, గుడ్లకు పైన రెండు అరలు, కోళ్లు కూర్చోడానికి కింద అడ్డంగా ఒక ప్లాస్టిక్ పైపు.

"నీళ్లు కొడితే చాలు, శుభ్రమైపోతుంది," అన్నాడు.

మొదటి సాయంత్రం కోళ్లు ఆ గూటి చుట్టూ ఒకసారి తిరిగి, పక్కింటి షెడ్డులోకి నడిచి, ఒకదాని వెనక ఒకటి అక్కడున్న స్కూటర్ ఎక్కి కూర్చున్నాయి. దించితే మళ్లీ ఎక్కాయి.

పొద్దున్నే పిలుపు వచ్చింది. "మేడం, జర గీడికి రాండ్రి."

పక్కింటాయన మా యూనివర్సిటీ ఆఫీసులోనే ఉద్యోగి. నల్లగొండ వైపు రైతు కుటుంబం. రెట్టలతో నిండిన ఆయన స్కూటర్ సీటు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. "సారీ అన్నా," అంటూ బకెట్ తెచ్చి కడిగాను.

"గవ్వి ఏం జేస్తయ్ మేడం, నోరు లేనియి. గానీ నాకు లేటయితున్నది."

తార్నాక కిరాణా కొట్టులో నూకలు కొని, షెడ్డు నుంచి గూటిదాకా చల్లాను. తింటూ లోపలికెళ్లాయి, తిని బయటికొచ్చేశాయి. మర్నాడు నేనూ మా ఆయనా చెరో వైపు దుప్పటి పట్టుకుని తరిమాం. హాస్టల్ పిల్లలు రోడ్డు మీద ఆగి వీడియో తీశారు. తెల్లారి క్లాసులో మొదటి బెంచీ అమ్మాయి ఎంతో వినయంగా, "కోళ్లు దొరికినయా మేడం?" అంది. ఆ రోజు పాఠం సాగలేదు.

నాలుగోసారి సీటు కడిగిన రోజు, సాయంత్రం పక్కింటాయన ఆఫీసు నుంచి నేరుగా మా పెరట్లోకి వచ్చాడు. గూటి ముందు కూర్చుని తల లోపలికి పెట్టాడు. కాసేపటికి లోపలినుంచి మాట వినిపించింది.

"మేడం, గీ పైపు మీద మీరు కూసుంటరా?"

తల బయటికి తీసి మా ఆయన వైపు తిరిగాడు. "సార్, గిది నున్నగున్నది, కోడి కాలు జారుతది. కట్టె పెట్టాలె. గుడ్ల అరలకన్న పైకి పెట్టాలె, కోడి ఎప్పుడైనా ఎత్తుకే పోతది. లోపల మస్తు చీకటున్నది. మునిమాపుకు దానికి కండ్లు సరిగ కనవడవు, చీకట్లకు ఎట్ల పోతది? అంతా జేసినంక మూడు దినాలు బయటికి ఇడువకుండ్రి. ఇల్లేదో దానికి తెల్వాలె గదా."

మా ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. "డిజైన్‌లో చిన్న మార్పే," అన్నాడు చివరికి.

ఆదివారం పక్కింటాయనే ఒక పాత మంచం పట్టె తెచ్చి, అంచులు గుండ్రంగా చెక్కి, గుడ్ల అరలకన్నా పైన బిగించాడు. మా ఆయన చిన్న బల్బు వేలాడదీశాడు. మూడు రోజులు కోళ్లు లోపలినుంచి మమ్మల్ని తిడుతూనే ఉన్నాయి. నాలుగో రోజు వదిలాం. సాయంత్రం ముగ్గురం టీ గ్లాసులతో వెనక మెట్ల మీద కూర్చున్నాం. మూడు కోళ్లు గూట్లోకి వెళ్లిపోయాయి. ఒంటినిండా చుక్కలున్న పొడల కోడి మాత్రం షెడ్డు దారి పట్టింది.

"ఏందే, నా బండి మీద నీకు గంత పావురం, గంత ప్రేమ?" అంటూ పక్కింటాయన దాన్ని ఎత్తుకొచ్చి పట్టె మీద కూర్చోబెట్టాడు.

ఆ వారమంతా అదే పని. సొంత ఇంటికి పోకముందే మా పెరట్లోకి వచ్చి, పొడల కోడిని ఎత్తి లోపల పెట్టి వెళ్లేవాడు. ఒకరోజు ఆయనకు ఆఫీసులో ఆలస్యమైంది. పొడల కోడి సగం దూరం వెళ్లి నిలబడింది, అటూ ఇటూ చూసింది, వెనక్కి తిరిగి గూట్లోకి వెళ్లిపోయింది. నేను గబగబా గడియ పెట్టేశాను.

ఆయన వచ్చాక చెప్పాను. "మంచిగయ్యింది," అన్నాడు కానీ, వంగి జాలీలోంచి చాలాసేపు చూశాడు.

మర్నాడు సాయంత్రం గుప్పెడు జొన్నలతో మళ్లీ వచ్చాడు. "పని ఏం లేదు మేడం," అన్నాడు. "ఉత్తగనే, చూసి పోదామని."