బాణం దానంతట అదే కదిలింది

మా పెదనాన్నకి పిల్లల్లేరు, పెద్దమ్మ ఎప్పుడో పోయింది. ఆయన పోతే కొరివి పెట్టడానికి నేనే దిక్కయ్యా. పెద్దకర్మ దాకా పొలిమేర దాటకూడదని కుండ భుజానికెత్తేటప్పుడు ఒక్కళ్లన్నా చెప్పారా అంటే, లేదు. శ్మశానం నుంచి వచ్చాక తీరిగ్గా చెప్పారు. మాచర్ల అవతల ఆ పల్లెలో, ఆయన ఇంట్లో, చాప మీద పదకొండు రోజులు. కట్టేసిన గొడ్డన్నా సాయంత్రానికి తాడు విప్పుతారని ఆశపడిద్ది. నాకు అదీ లేదు.

నరసరావుపేట కోర్టు ఎదురుగా అర్జీలు టైపు చేసుకుని బతుకుతా. ఇంట్లోనూ ఒక కంప్యూటరుంది. మా పక్కింట్లో టిఫిన్లు చేసి అమ్ముకునే అక్క ఉంది, మొగుడు పోయిన మనిషి. ఇంటిముందు వసారా రోడ్డులోకి వచ్చిందని, శుక్రవారం సాయంత్రంలోగా జవాబివ్వకపోతే కూలగొడతామని ఆమెకి మున్సిపాలిటీ నోటీసొచ్చింది. ఆమె పొయ్యి ఆ వసారాలోనే, బతుకూ దాని మీదే. జవాబు నేను రాసిపెడతానని మాటిచ్చా. సగం కొట్టానో లేదో, పెదనాన్న పోయాడని ఫోనొచ్చింది. కంప్యూటరు ఆపను కూడా ఆపకుండా నేనూ మా ఆవిడా బయల్దేరాం. తులసికి నీళ్లు పొయ్యమని తాళం చెవి అక్కకే ఇచ్చాం.

గురువారం మధ్యాహ్నానికి ఇక ఉండబట్టలేదు. ఆ జవాబు పాత తెలుగు ఫాంటులో ఉంది, ఫోనులో తెరిస్తే పిచ్చిగీతలే. అందుకని ఫోనులోంచే ఇంట్లో కంప్యూటర్ని నడిపించే యాప్ తెరిచా. ఆ ఊళ్లో సిగ్నలు గొడ్ల కొట్టంలో ఒక్క మూలే వస్తది, అదీ పేడతట్ట మీద ఒక కాలు పెట్టి నిలబడితే. నేనిక్కడ వేలు పెడితే అక్కడ కంప్యూటరు తెర మీద బాణం కదిలినట్టు కనపడేసరికి ఒక బీడీ కాల్చి పారేయొచ్చు. అక్షరం పడలేదని ఇంకోసారి నొక్కితే కాసేపటికి మూడు పడేవి. రెండు చెరపబోతే లైను మొత్తం పోయేది. లోపల్నుంచి మా మేనత్త కేకేస్తానే ఉంది, కర్మ చేసేవాడికి కొట్టంలో పనేందని. నా ఏడుపు ఆమెకేం తెలుసు. మూడు గంటలు నిలబడి ఆరు లైన్లు కొట్టా. ఇంతలో తెర నల్లబడింది. ఎంత తంటాలు పడ్డా మళ్లీ రాలేదు.

కరెంటు పోయిందేమోనని అక్కకి ఫోను చేశా. ఆమె గొంతు తగ్గించి మాట్లాడింది.

"తమ్ముడూ, మీ పెదనాన్న ఇంటికొచ్చాడురా. తులసికి నీళ్లు పొయ్యడానికొచ్చి చూస్తే కుర్చీలో మనిషి లేడు, టీవీలో బాణం దానంతట అదే కదులుతా ఉంది, అక్షరాలు పడతా ఉన్నయ్. భయమేసి వైరు పీకేశా."

పెదనాన్న ఆసుపత్రి కోసమని ఆరు నెలలు మా ఇంట్లోనే ఉండి, పోవడానికి వారం ముందే ఊరెళ్లాడు. పొద్దస్తమానం ఆ కుర్చీలోనే కూర్చునేవాడు. పది రోజులు ప్రాణం తిరిగిన చోటే తిరుగుతదని మావాళ్లందరూ నమ్ముతారు, అక్కా అంతే. అది నేనేనని, ఇక్కడి నుంచే ఫోనుతో కొడుతున్నానని చెప్పా.

"నువ్వు మాచర్ల అవతలుంటే ఇక్కడ బాణం ఎట్టా కదిలిద్ది? నన్ను ఊరడించమాక."

తిట్టా, బతిమాలా, మళ్లీ తిట్టా. ఆ గదిలో కాలుపెట్టనంది. వసారా పోతే పోనీ, నా రాత అంది. ఇక వేరే దారి కనపడలేదు. కర్మలో ఉండి, పోయినాయన మీద అబద్ధమాడా.

"సరే అక్కా, పెదనాన్నే. నీ కాగితమే కొడతా ఉన్నాడు. సగంలో పీకేశావు."

"నా కాగితమా?" అంది.

అక్క మళ్లీ వైరు పెట్టి మీట నొక్కినట్టుంది, పావుగంటకి నా ఫోనులో తెర వెలిగింది. మొదలుపెట్టిన సగం నేను వచ్చేముందు సేవ్ చేసింది కాబట్టి మిగిలింది, ఆ ఆరు లైన్లూ పోయాయి. మళ్లీ కొట్టా. చీకటి పడేదాకా కొట్టి, మర్నాడు పొద్దున మళ్లీ కొట్టా. మేనత్త నాతో మాట్లాడ్డం మానేసింది. పన్నెండింటికి కాగితం మెయిల్లో కోర్టు దగ్గర జిరాక్సు షాపుకి చేరింది. అక్క వెళ్లి సంతకం పెట్టి, ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుని నాలుగింటికి ఫోను చేసింది.

పన్నెండో రోజు ఇంటికొచ్చి ఆ గది తలుపు తీశా. కీబోర్డు పక్కన స్టీలు గ్లాసు, అడుగున ఎండిపోయిన కాఫీ. సాసర్లో రెండు బిస్కట్లు, చీమలు పట్టి ఉన్నయ్. అంతలో అక్క వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, కుర్చీ వైపు చూసి దణ్ణం పెట్టింది.

"రెండు రోజులూ పెట్టా తమ్ముడూ. నాకోసం అంత కష్టపడతా ఉంటే, పాపం, ఊరికే ఎట్టా కూర్చోబెడతాం?"

ఆరు నెలలు ఆ కుర్చీలో కూర్చున్నాడు మనిషి. ఈ కంప్యూటర్లో నా పేరు ఒక్కసారి కొట్టి చూపించరా అని అడిగితే రేపు చూద్దాంలే అన్నా, ఎన్ని రేపులో. ఆయన నోరు తెరిచి అడక్కుండా ఒక్క పూటన్నా ఆయన ముందు కాఫీ పెట్టి ఎరగను.

ఆ బాణాన్ని కదిలించింది నేనేనని అక్కకి మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.