కంపు నా బూటులోనిదే

బెంగళూరు పీణ్యలో, ఒక ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే లేత్ మెషిన్ మీద పనిచేస్తాను. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. అరికాళ్లు మొద్దుబారుతున్నా వయసు కదా అని పట్టించుకోలేదు.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే చచ్చిన ఎలుక కంపు కొట్టింది. ముద్ద నోట్లో పెట్టలేకపోయాను. పక్కనే కూర్చున్న, నాతో పనిచేసే నాగరాజు మీద అందరి ముందూ విరుచుకుపడ్డాను.

"సాక్సులు ఉతకవేమప్పా నువ్వు? థూ! అన్నం తినే కాడ కూచోవద్దు, లెయ్!"

అతను లేచాడు. నా కాళ్ల వైపు చూసి మెల్లగా అన్నాడు: "అన్నా, నీ బూటు తడిగా ఉండాది సూడు."

విప్పాను. సాక్సు చర్మానికి అంటుకుపోయింది. లాగితే చీము కారింది. బొటనవేలి కింద గుంటపడిన పుండు, అందులో లేత్ నుంచి రాలిన ఇనుప ముక్క, దాని చుట్టూ తెల్లటి పురుగులు. నాకు చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు! నా కాలు చూసి నాకే వాంతయింది.

నాగరాజే తన తువ్వాలు చుట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

"నొప్పి తెలియని కాలిని రోజూ కళ్లతో చూసుకోవాలి," అంది డాక్టరమ్మ. రెండు వేళ్లు తీసేశారు.

ఇప్పుడు రోజూ అద్దం పెట్టి అరికాళ్లు చూసుకుంటున్నాను. పుండు మానింది. కానీ అన్నం ముందు నుంచి అతణ్ణి లేపేసిన ఆ మాట తలచుకుంటే, నా మీద నాకే రోత పుడుతుంది.