మా అత్త బాత్రూముకు గడియ

మా అత్త నాతో చెప్పాలనుకున్న మాటల్లో సగం దేవుడికి చెబుతుంది. ముందు గదిలో కళ్లు మూసుకుని, వంటింట్లో ఉన్న నాకు వినపడేంత గట్టిగా ప్రార్థన చేస్తుంది. "ప్రభువా, కూరల ఉప్పు జర తక్కువేసే బుద్ధి ఇయ్యి తండ్రీ" అందంటే ఆ పూట నా వంట సంగతి నాకు తెలిసిపోతుంది. దేవుణ్ణి మధ్యలో పెట్టుకున్న మనిషికి ఎదురు చెప్పడమెలా? పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా నాకు దారి దొరకలేదు.

పోయిన వానాకాలంలో ఆమె బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. పాత షాబాదు బండలు, వాటి మీద పాకురు. ఆపరేషనయింది, కర్ర పట్టుకుని నడక వచ్చింది, కానీ స్నానం మాత్రం నేనే చేయించాలి. తలుపు తెరిచిపెట్టి, స్టూలు మీద కూర్చోబెట్టి నేను నీళ్లు పోస్తుంటే ఆమె గోడవైపు ముఖం తిప్పుకునేది. ఒకరోజు వీపు రుద్దుతుంటే, ప్రార్థనలో కాదు, నేరుగా నాతోనే అంది.

"మీ మామ గూడ నన్ను గిట్ల సూడలే పిల్లా. ఒక్కదాన్నే తలుపేసుకొని తానం చేసే దినం నాకు మళ్ల రాదా?"

నాకు ఏడుపొచ్చింది. సబ్బు కోసం వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. ఎలాగైనా బాత్రూం మార్చేయాలని ఆ పూటే తేల్చుకున్నాను.

కానీ మేస్త్రి రావద్దూ! చిన్న పని కదా, నిజామాబాదంతా అపార్ట్‌మెంట్లు లేస్తుంటే మా ఆరడుగుల గది ఎవరికి కావాలి? ఫోన్ చేసినప్పుడల్లా "రేపొస్త అక్కా" అనేవాడు. నెలన్నర ఆ రేపు రాలేదు. నాకు తిక్క రేగింది.

"నేనే చేస్త" అన్నాను మా ఆయనతో.

మా ఆయన బస్సు డ్రైవరు. నవ్వడానికి టైం తీసుకోడు. "టైల్స్ అంటే జాకెట్ గుడ్డ అనుకున్నవా, కత్తెరతోని కోసెటందుకు?"

నేను బట్టలు కుడతాను, నిజమే. అయితే అంతకుముందు కోటగిరిలో కాలువ కింద పొలంలో పెరిగినదాన్ని. "ఎకరం మడి చదును చేసిన చేతులివి. గీ జానెడు గది ఒక లెక్కనా?" అన్నాను. ఆ గొప్పే నా కొంప ముంచింది.

ప్లాను ఖాకీ కాగితం మీద సుద్దముక్కతో గీశాను. గోడకు పట్టుకునే రాడ్లు ఎంత ఎత్తులో ఉండాలో తెలియాలి కదా, అత్తను కుర్చీలో కూర్చోబెట్టి చేతులు చాపించి టేపుతో కొలిచాను. ఆమె అనుమానంగా చూసింది.

"గీ కొలతలు నా సావు పెట్టెకైతే గాదు గదా?"

"నోర్మూసుకో అత్తా!" అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆమె పడ్డాక మా ఇంట్లో అంత నవ్వు అదే మొదలు.

మా ఆయన సెలవు రోజున బండలు పగలగొట్టాడు. యూట్యూబు చూసుకుంటూ నేను సిమెంటు కలిపాను. టైల్స్ కోసే మిషను దుమ్ముతో నా జుట్టంతా తెల్లబడితే నాకంటే అత్తే చిన్నదిగా కనిపించింది. గరుకు టైల్స్ ఒక్కొక్కటే పరిచి, రసమట్టం పెట్టి చూస్తే బుడగ నడిమధ్యన నిలబడింది. ఏ మూల పెట్టినా అంతే. అబ్బ, ఎంత పొంగిపోయానో!

సిమెంటు ఆరాక బకెట్ నీళ్లు కుమ్మరించాను. నీళ్లు ఎటూ పోలేదు. నీళ్లు బయటికి పోయే మోరివైపు పోలేదు, గడపవైపు రాలేదు. గదంతా ఒకే మట్టంలో చక్కగా నిలబడ్డాయి.

మా ఆయన గడపలో నిలబడి తొంగి చూశాడు. "మంచిగ కుదిరింది. నారు దెమ్మంటవా?"

అప్పుడర్థమైంది నేను చేసిన నిర్వాకం. మడిలో నీళ్లు నిలవాలి, అందుకే చదును చేస్తాం. ఇక్కడ నీళ్లు పోవాలి. నేను బాత్రూం కట్టలేదు, మడి కట్టాను. ముందు గదిలోంచి ప్రార్థన వినిపించింది. "ప్రభువా, ఇంట్లనే పొలం ఇచ్చినవు, స్తోత్రం తండ్రీ."

మా ఆయన మీద అరిచాను. తర్వాత తడి నేల మీద కూలబడి ఏడ్చాను. నీళ్లు నిలిస్తే పాకురు పడుతుంది, పాకురు పడితే ఆమె మళ్లీ పడుతుంది. అంత చిన్న విషయం నాకు తట్టలేదు.

మర్నాడు టైల్స్ అన్నీ పీకేశాను. సగం పగిలాయి, కొత్తవి తెచ్చాం. ఈసారి గడప నుంచి మోరి జాలీ దాకా దారం కట్టి, జాలీ దగ్గర రెండు వేళ్లు కిందికి ఉండేలా ఢాలు ఇచ్చాను. నా కుట్టుమిషను దారపు రీలు గడప దగ్గర పెట్టి వదిలితే దొర్లుకుంటూ పోయి జాలీ మీద ఆగింది. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

రాడ్లు బిగించాను, స్టూలు వేశాను. అత్త కర్రతో నేలంతా తట్టి చూసింది. మగ్గుతో నీళ్లు పోసి, అవి పోయేదాకా కదలకుండా చూసింది. తర్వాత తలుపు లోపలివైపు తడిమింది.

"గడియేది?"

కావాలనే పెట్టలేదు. "దగ్గరికేసుకుంటే సాలదా అత్తా? లోపల ఏమన్న అయితే?"

ఆమె కళ్లు మూసుకుంది. దేవుడికి ఫిర్యాదు వెళ్తుందనుకున్నాను. ఒక్క మాటా రాలేదు. తలుపు మీద చెయ్యి మాత్రం తీయలేదు. నేను స్క్రూడ్రైవర్ తెచ్చి, ఆమె చేతికి అందే ఎత్తులో గడియ బిగించాను.

ఆమె లోపలికి వెళ్లింది. గడియ పడింది. నేను గడప బయటే కూర్చుని, చెవి తలుపుకు ఆనించి మగ్గుల చప్పుడు వింటున్నాను. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. లేచి తలుపు మీద చెయ్యేశాను.

లోపలినుంచి గొంతు ఖంగుమంది. "ప్రభువా, నీళ్లు మంచిగ పోతున్నయి, స్తోత్రం. తలుపు కాడ కూసున్న నా కోడలికి జర సిగ్గియ్యి తండ్రీ. లేసి పొయ్యి మీది అన్నం సూసుకునేటట్టు సెయ్యి."

"ఆమెన్" అన్నాను ఇవతలినుంచి. అన్నం నిజంగానే అడుగంటింది.