బొట్టు మీద అంటించిన మీటరు

ఆ రోజుల్లో నాకు చెవులు రెండూ కళ్లజోడు నిలబెట్టుకోవడానికే ఉండేవి. వినే పనంతా నా వైబ్రేషన్ మీటరు చేసేది. తీగ చివర అయస్కాంతమున్న సెన్సారును మోటారుకు అంటించడం, యంత్రం ఎంత అదురుతోందో తెరమీది అంకె చూసి పెదవి విరవడం, ఇదే నా విద్య. యంత్రాలు పరీక్షించే కంపెనీలో ఉద్యోగం, చేరి నెలే. "మొదటి పరీక్ష తప్పితే ఇంటికి పో" అని చెప్పి మరీ మా మేనేజరు నన్ను ఉరవకొండ దగ్గరి శనక్కాయల మిల్లుకు పంపాడు. (వానల్లేని ఏడు. నడిచే నాలుగు రోజులైనా మిల్లు ఆగకూడదని షావుకారు తాపత్రయం.)

అక్కడ ముప్పై ఏళ్లుగా యంత్రాలు చూసే మిస్త్రీని అందరూ 'చెవి మిస్త్రీ' అనేవారు. ఆయన స్క్రూడ్రైవరు మొన మోటారుకు, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని, "బేరింగు బాగుండాది. కింద నట్లు బిగిస్తే సాలు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. (ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పుడు ఏడుపొస్తోంది.)

సెన్సారు అంటించబోతే బేరింగు పైమూత మీద పసుపు, గంధం, కుంకుమ! ఏటా ఆయుధపూజకు పెట్టినదాని మీదే పెట్టి, నూనె దుమ్ము కలిసి అట్ట కట్టింది. తుడిచి అంటించాలనే చదువుకున్నాను. కానీ పైన షావుకారు ఆ పొద్దునే పెట్టిన తాజా బొట్టు, పక్కన సాక్షాత్తూ షావుకారు. తుడిస్తే ఇంకేమైనా ఉందా! భక్తిగా దానిమీదే అంటించాను. అయస్కాంతం అట్ట మీద గడగడలాడింది, అంకె ఎగిరి కూర్చుంది. "బేరింగు పోయింది సార్, విప్పాల" అని తీర్పు చెప్పేశాను.

"ఏం మిస్త్రీ, ఇన్నేండ్ల నీ చెవికి ఇది ఇనపడల్యా?" అని షావుకారు భోజనానికి వెళ్లిపోయాడు. మిల్లు ఆపి విప్పాం. బేరింగు కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. మిస్త్రీ ఆ అట్టనంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచి, బేరింగు ఎక్కించి, నట్లు బిగించి, మోటారు వేశాడు. "ఇప్పుడు పెట్టప్పా నీ మీటరు." అంకె బుద్ధిగా కిందికి దిగింది.

"అన్నా, నా ఉద్యోగం పాయ" అని అక్కడే ఏడ్చేశాను.

"ఇంట్లో ఎవురుండారు?"

"నాయన, అమ్మ, చెల్లెలు. మూడేండ్లుగా శనక్కాయ పండల్యా."

షావుకారు తిరిగొచ్చేసరికి మిస్త్రీ తన పాత సామాన్ల డబ్బాలోంచి అరిగిన బేరింగొకటి తీసి బల్ల మీద పెట్టాడు. "సారు సెప్పిందే నిజమప్పా. పోయినాది, మార్చినా. నా చెవికి వయసైపాయ."

నా ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత ఆ మిల్లువాళ్లు మిస్త్రీని పిలవలేదు, నన్నే పిలిచారు. నేను నోరు విప్పలేదు.

ఇప్పుడు అంకెలు ఫోన్లోకే వస్తాయి. అయినా నేను ముందు కిరసనాయిలు గుడ్డ తీస్తాను, తర్వాత స్క్రూడ్రైవరు చెవికి ఆనించి కళ్లు మూసుకుంటాను. కొత్త ఇంజనీర్లు నవ్వుతారు. నవ్వనీ, ఒకప్పుడు ఆ నవ్వు నాదే. నిజం చెప్పొద్దూ, నాకు హోరు తప్ప ఏమీ వినపడదు. నేర్పగలిగిన మనిషిని ఆ మిల్లులోనే పోగొట్టుకున్నాను.