గోనె మీదికి దూకిన కుక్క

నా చిన్నప్పుడు ప్రత్తిపాడు అవతల మా ఊళ్ళో మిరప కల్లాలకు దొంగల భయం ఉండేది. అందుకని ఊరి షావుకారు పట్నం నుంచి తర్ఫీదు పొందిన కుక్కను తెప్పించి, దాని ప్రతాపం చూడమని ఒక మధ్యాహ్నం అందరినీ తన కల్లానికి పిలిచాడు. పిల్లలం ముందు వరసలో కూర్చున్నాం.

కుక్కను తెచ్చిన మనిషి ఒక కూలీ చేతికి గోనెసంచి నాలుగు మడతలు చుట్టి పరిగెత్తమన్నాడు. గొలుసు వదలగానే కుక్క ఎగిరి ఆ చేతిని కరుచుకుని వేలాడింది. జనం ఈలలు వేశారు. షావుకారు మీసం దువ్వుకున్నాడు.

మా నాయనమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. మిరపలో తెల్లబారిన తాలుకాయలు ఏరే పనిలోంచి లేచి వచ్చింది, ఎండకు నెత్తిన గోనెపట్టా కప్పుకుని ఉంది. కల్లంలో ఎవరైనా అంతే. ఆడవాళ్ళ నెత్తిన గోనె, బస్తాలు మోసేవాళ్ళ వీపున గోనె. మేం పిల్లలం కూర్చున్నదీ గోనె మీదే.

"ఏవండీ షావుకారు గారూ, అది పట్టుకుంటోంది దొంగనా, గోనెనా?" అని అడిగింది.

"ముసలమ్మకి భయమేసినట్టుంది. ఎవరన్నా ఇంటికాడ దింపి రండ్రా!" అన్నాడాయన. అందరూ నవ్వారు. ఎవరెవరు ఎంత గట్టిగా నవ్వారో నేనిప్పటికీ చెప్పగలను.

నాయనమ్మ వాదించలేదు. జనం లేని వైపు ఒక ఖాళీ ఎద్దులబండి ఉంటే, నెత్తిమీది గోనె తీసి దాని కాడికి తగిలించి, దూరంగా వచ్చి నిలబడింది. గాలికి గోనె కదిలింది. అంతే, కుక్క తనను తెచ్చినవాడి చేతిలోంచి గొలుసు లాక్కుని పోయి దాన్ని పీలికలు చేసింది. అక్కడ దొంగ లేడు. అసలు మనిషే లేడు.

ఈలలు ఆగిపోయాయి. ఒక్కొక్కరే నెత్తిన, వీపున ఉన్న గోనెలు తీసి మెల్లగా కింద పెట్టారు. నేను కూర్చున్న గోనె వంక చూసుకుని నేల మీదికి జరిగాను.

"ముందు పిల్లల్ని లేపండి. అడ్డంగా తడికలు కట్టండి. ఆ తరవాత చూపించుకోండి మీ కుక్క గొప్ప" అంది నాయనమ్మ. తడికలు కట్టారు. షావుకారు మాత్రం తను అన్న మాట తప్పని బతికినన్నాళ్ళూ ఒప్పుకోలేదు.

మొన్న వేసవిలో మా వీధి చివర మైదానంలో కాపలా కుక్కల ప్రదర్శన పెట్టారు. అడ్డు లేదు, తాడు లేదు. పసిపిల్లలు ముందు వరసలో ఉన్నారు. కరిపించుకునే మనిషి చేతికి జనపనార తొడుగు. పిల్లలకి అడ్డు ఏదని నేను వెళ్ళి అడిగితే మైకు పట్టుకున్న కుర్రాడు "భయమైతే వెనక కూర్చోండి మామ్మగారూ" అన్నాడు. జనం నవ్వారు.

వెనక్కి వెళ్ళలేదు. కుర్చీ తెచ్చుకుని పిల్లల ముందు, సరిగ్గా మైదానం అంచున వేసుకుని కూర్చున్నాను. బతిమాలారు, కసిరారు, మా అబ్బాయికి ఫోన్ చేశారు. తాడు కట్టి పిల్లల్ని దాని వెనక్కి జరిపేదాకా లేవలేదు.

ఆ కుర్రాడి ముఖం నాకు బాగా గుర్తుంది. వచ్చే ఏడూ రమ్మనండి. నా కుర్చీ ఎక్కడ వేసుకోవాలో నాయనమ్మ ఆనాడే చూపించింది.